వాటాల ఇంట్లో తెలుగు

ఫిన్లాండ్ దేశంలో మైకేల్ విడేనియస్ అనే ఒకాయనకు మై అని ఒక కూతురుంది. ఆయన స్నేహితులతో కలిసి 1995లో ఒక బీరువా తయారుచేసి దానికి ఆ పిల్ల పేరే పెట్టుకున్నాడు. బీరువా అంటే పట్టుచీరలు పెట్టుకునే ఇనప్పెట్టె కాదులెండి. కంప్యూటర్‌లో సమాచారం అరలు అరలుగా దాచుకునే బీరువా. డేటాబేస్ అంటారు. దీని పూర్తి పేరు మైఎస్‌క్యూఎల్. ఆ తర్వాత కొడుకు మాక్స్ పేరు ఇంకో బీరువాకు పెట్టారు. చిన్నకూతురు మరియా పేరు మీద 2009లో మరొకటి వచ్చింది. పిల్లల పేర్లు ఇళ్ళకీ, లారీలకీ, రైసుమిల్లులకీ పెట్టుకునే మనకి ఇందులో వింతేముంది? ఆ పెద్దమ్మాయి పేరున్న బీరువా ప్రపంచంలో సగం ఇళ్ళల్లోకి కాపరానికి వెళ్ళిందన్నదే వింత.

ఆ బీరువాకీ, కోదాడలో మా చిన్నమ్మ పోగుచేసిన పెళ్ళిపాటలకీ సంబంధం ఏమిటంటారా? వస్తున్నా. నేను బి.ఏ.లో హిస్టరీ చదివినదాన్ని. కాకతీయుల కాలంలో సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గుళ్ళో శాసనం ఎవరు వేయించారని అడిగితే తడుముకోకుండా చెప్తాను. కంప్యూటర్ సంగతులు మాత్రం సూర్యాపేటలో కంప్యూటర్ సెంటర్ నడిపే మా తమ్ముడు విడమరిచి చెబితే తెలుసుకున్నవే. అయితే వాడు చెప్పేకొద్దీ ఇది కూడా చరిత్రేనని నాకు గట్టిగా అనిపించింది. రాతిమీద చెక్కినది ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది. మీట నొక్కి దాచుకున్నది నాలుగేళ్ళకే చెదిరింది. ఎందుకు చెదిరిందో చెప్పుకోవద్దూ?

ముందు తెలుగు సంగతి చూద్దాం. కంప్యూటర్లు తయారుచేసినవాళ్ళకి ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, మహా అయితే ఫ్రెంచివాళ్ళవీ, స్వీడన్‌వాళ్ళవీ నెత్తిమీద చుక్కలున్న అక్షరాలు తెలుసు. మన గుణింతాలూ ఒత్తులూ వాళ్ళకెలా తెలుస్తాయి? అందుకని 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న మన కుర్రాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతి ఒకటి కట్టుదిట్టంగా తయారుచేశారు. కన్నెగంటి రామారావుగారూ, ఆనంద కిశోర్‌గారూ దానికి ఆద్యులు. దాని పేరు రైస్ పద్ధతి. మా మిర్యాలగూడవాళ్ళు వింటే బియ్యం అనుకుంటారు కాబోలు. ఇది హ్యూస్టన్‌లో ఉన్న రైస్ విశ్వవిద్యాలయం పేరు. ఆ పద్ధతిలో రాసింది ఎంత పాత బీరువాలో పెట్టినా చెక్కుచెదరదు, ఎందుకంటే లోపలున్నది ఇంగ్లీషే. చూపించేటప్పుడు మాత్రం తెలుగుగా మారుస్తారు. గట్టి ఉపాయమే. చదవడానికి మాత్రం మా అమ్మలాంటివాళ్ళకి మింగుడుపడదు.

తర్వాత పత్రికలవాళ్ళు ఎవరి ఫాంటు వాళ్ళు చేయించుకున్నారు. ఒకరి పత్రిక చదవాలంటే ఒక ఫాంటు, ఇంకొకరిది చదవాలంటే ఇంకో ఫాంటు. ఏ వంటింటి డబ్బా మూత ఆ డబ్బాకే పట్టినట్టు! ఫాంటు లేకుండా తెరిచారా, పిచ్చిగీతలు కనిపించేవి.

ఈ తికమకకి విరుగుడుగా ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే పట్టిక వేశారు. దాన్ని యూనికోడ్ అన్నారు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటుంది. మనకి 128 స్థానాలు కేటాయించారు. అందులో 'త' అక్షరం సంఖ్య 3108. ఇక ఇబ్బంది ఏముంది అంటారా? ఇల్లు కేటాయించారు సరే, సామాను దించడానికి వాకిలి పట్టాలిగా! యూనికోడ్ అక్షరాలని కంప్యూటర్‌లో దాచడానికి యూటీఎఫ్-8 అని ఒక పద్ధతి ఉంది. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక అర చాలు. మన అక్షరానికి మూడు అరలు కావాలి. పైగా గుణింతమూ, ఒత్తూ విడివిడిగా లెక్క. 'తెలుగు' అనే మాట మనకి మూడక్షరాలు, కంప్యూటర్‌కి ఆరు గుర్తులు, పద్దెనిమిది అరలు. మిర్యాలగూడ అని ఇంగ్లీషులో రాస్తే పదకొండు అరలతో సరిపోతుంది, తెలుగులో రాస్తే ముప్ఫై కావాలి. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్‌గారి 'లేఖిని' వచ్చింది. ఇంగ్లీషు మీటలు నొక్కితే పక్కన తెలుగు పడుతుంది. మా చిన్నమ్మ కోదాడలో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. చుట్టుపక్కల ఊళ్ళలో ముసలమ్మలు పాడే పెళ్ళిపాటలూ, బతుకమ్మ పాటలూ ఎప్పటినుంచో నోట్‌బుక్కుల్లో రాసుకునేది. లేఖిని చూశాక ఆవిడకి చెప్పలేనంత హుషారొచ్చింది. ఆ ఏడు దసరాకి మా తమ్ముడు ఆవిడకొక వెబ్‌సైటు కట్టి ఇచ్చాడు. వర్డ్‌ప్రెస్ అని ఉచితంగా దొరికే సరంజామాతో కట్టాడు. పాటలు దాచుకునే బీరువా, చెప్పాను కదా, మై అమ్మాయి పేరున్నది.

వెబ్‌సైటు ఉండటానికి చోటు కావాలి. సొంతిల్లు కట్టుకునే స్తోమతు మనకెక్కడిది? అద్దె వాటా తీసుకున్నారు. షేర్డ్ హోస్టింగ్ అంటే అచ్చంగా వాటాల ఇల్లే. ఎక్కడో ఉన్న ఒక పెద్ద కంప్యూటర్‌లో వందల వెబ్‌సైట్లు కాపురం ఉంటాయి. బావి ఒకటే, బట్టలారేసుకునే తీగె ఒకటే, బీరువాలుండే గదీ ఒకటే. అద్దె చవక. కానీ గోడకి మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి. బీరువా పాతదయింది మార్చండి అంటే, "మిగతా వాటాలవాళ్ళకి ఇబ్బందండీ" అంటాడు. మీలో అద్దె ఇళ్ళల్లో కాపరం చేసినవాళ్ళకి ఈ మాట కొత్త కాదు.

నిజం చెప్పొద్దూ, ఇంటాయన మాటలోనూ కొంత న్యాయం ఉంది. 2004 అక్టోబరుదాకా మైఎస్‌క్యూఎల్‌కి యూనికోడ్ అంటే ఏమిటో తెలియదు. తయారుచేసిన కంపెనీ స్వీడన్‌ది కనుక, వాళ్ళకి అలవాటైన లాటిన్ అక్షరాలే దానికి పుట్టుకతో వచ్చిన భాష. అకారాది క్రమం కూడా స్వీడిష్ పద్ధతే! కోదాడ పెళ్ళిపాటలు స్వీడిష్ అకారాదిలో నిలబడటం తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. 2004 అక్టోబరులో 4.1 అనే కొత్త రకం వచ్చింది. దానికి యూనికోడ్ తెలుసు. అయితే అందులో తాళాల పద్ధతి మార్చేశారు. రహస్య మాటని దాచే తీరు పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదరలేదు. బీరువా మారిస్తే పాత తాళంచెవులున్న వాటాలన్నీ మర్నాడు పొద్దున్నే బయట నిలబడతాయి. వందమంది అద్దెవాళ్ళు ఒక్కసారి ఫోన్లు చేస్తే ఏ ఇంటాయన తట్టుకుంటాడు? మార్చకపోతే ఒకరిద్దరే గొణుగుతారు. ఆ ఒకరిద్దరూ మనలాంటివాళ్ళే, అదీ సంగతి.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ పెద్ద కంప్యూటర్లకి పునాదిలాంటి సరంజామాని రెడ్‌హ్యాట్ లాంటి కంపెనీలు ఏళ్ళతరబడి మార్చకుండా కాపాడతామని మాటిచ్చి ఇస్తాయి. 2003లో వచ్చిన వాళ్ళ సరంజామాలో ఉన్నది మైఎస్‌క్యూఎల్ 3.23. అది పెట్టుకున్నవాళ్ళు ఏళ్ళపాటు దాన్నే వాడుకున్నారు. చెడిపోకుండా ఉండటమే గొప్ప, కొత్తదనం ఎందుకు అన్న ధోరణి. పెళ్ళినాటి ఇత్తడి బిందె లాగా.

మరి తెలుగువాళ్ళు ఈ పాత బీరువాలో ఎలా నెట్టుకొచ్చారు? మన ఆడవాళ్ళకి అలవాటైన విద్యే, సర్దుకుపోవడం. అందులో రకాలున్నాయి.

ఒకటి, తెలుగుని అంకెలుగా మార్చి దాచడం. 'త' అని రాయకుండా ఒక ఆంపర్‌సాండు, ఒక హ్యాషు గుర్తు, 3108, చివర సెమీకోలన్ పెడతారు. ఏడు గుర్తులు. అన్నీ ఇంగ్లీషు కీబోర్డులో ఉన్నవే కనుక ఎంత పాత బీరువా అయినా కిమ్మనకుండా దాచుకుంటుంది. చూపించేటప్పుడు బ్రౌజరు దాన్ని 'త' అని చదువుకుంటుంది. ఈ లెక్కన తెలుగు అనే మాటకి నలభైరెండు అరలు. చోటు తిన్నా ఫరవాలేదు, వెతుక్కోవడమే కష్టం. అప్పగింతల పాట ఎక్కడుందో వెతకబోతే బీరువా నిండా అంకెలే.

రెండోది వేషం. తెలుగు అక్షరానికి మూడు అరలు కదా, ఆ మూడింటినీ మూడు లాటిన్ అక్షరాలనుకుని బీరువా దాచుకుంటుంది. నెత్తిన గీత ఉన్న ఒక 'ఏ', వేడి కొలిచే డిగ్రీల సున్నా, ఇంకేదో ఒక గుర్తు. బీరువాకి లోపలున్నది తెలుగని తెలియదు. మనం అడిగినప్పుడు ఏ వరసలో పెట్టామో ఆ వరసలో తిరిగిచ్చేస్తుంది. బయటికొచ్చాక బ్రౌజరు దాన్ని తెలుగుగా చదువుతుంది. ఉత్తరం ఏ భాషలో ఉందో తెలియకపోయినా పోస్ట్‌మ్యాన్ కవరు తెచ్చి ఇవ్వడంలేదూ? అలాగన్నమాట. మా చిన్నమ్మ పాటలు నాలుగేళ్ళు ఈ స్వీడిష్ వేషంలోనే బతికాయి. ఆ సంగతి ఆవిడకీ తెలియదు, ఇంటాయనకీ తెలియదు.

వికీపీడియావాళ్ళది ఇంతకంటే తెలివైన పని. ఇది లాటిననీ, తెలుగనీ ఏ పేరూ పెట్టకుండా, ఊరికే అరల మూట అని చెప్పి దాచారు. పేరు పెడితేగా పొరపాటు పడటానికి! మైఎస్‌క్యూఎల్ పాతదైన 4.0ని చాలాకాలం వాడినా తెలుగు వికీపీడియాకి అక్షరాలు చెదరలేదు. అయితే వాళ్ళది సొంతిల్లు, వాటా కాదు. తెలిసిన మనుషులు దగ్గరుండి కట్టుకున్నారు.

వేషానికి ఒక చిక్కు ఉంది. అరలు లెక్కబెట్టేటప్పుడు బీరువా లాటిన్ లెక్కే వేస్తుంది. అప్పటి వర్డ్‌ప్రెస్‌లో ఒక్కో వర్గం పేరుకి 55 అరలిచ్చారు. ఇంగ్లీషుకి అదే ఎక్కువ. మా చిన్నమ్మ ఒక వర్గానికి 'పెళ్ళికూతురిని చేసే పాటలు' అని పేరు పెట్టింది. 'పెళ్ళికూతురిని' అన్నమాటకి 42, మధ్య ఖాళీకి ఒకటి, 'చేసే'కి 12. అంతే, 55 అయిపోయాయి! 'పాటలు' బయటే ఉండిపోయింది. 'పెళ్ళికూతురిని చేసే' అని సగంలో ఆగిపోయిన ఆ పేరు చూసి చిన్నమ్మ, "ఎవర్ని చేసేరా, ఏం చేసేరా?" అని తమ్ముణ్ణి ఏడిపించేది. చివరికి 'పెళ్ళిపాటలు' అని కుదించుకుంది. సర్దుకుపోవడమంటే ఇదే మరి.

ఇక్కడొక మాట చెప్పాలి. అదే కంప్యూటర్‌లో, అదే ఇంటాయన దగ్గర, మిర్యాలగూడ రైసుమిల్లు ఓనరొకాయన వెబ్‌సైటు కూడా ఉండేది. అదీ మా తమ్ముడు కట్టిందే. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం, సన్నబియ్యం రకాలు, బస్తా బరువులు, ఫోన్ నంబర్లు, అన్నీ ఇంగ్లీషులో. బీరువా 3.23 అయినా, 4.0 అయినా, 5.0 అయినా ఆయనకి ఒక్కరోజు కూడా తలనొప్పి రాలేదు. "మీ చిన్నమ్మ వెబ్‌సైటుకే ఎందుకయ్యా ఎప్పుడూ రిపేరు?" అని ఆయన తమ్ముణ్ణి వేళాకోళం చేసేవాడట. ఒకే కప్పుకింద, ఒకే అద్దెకి ఇద్దరూ ఉన్నారు. ఒకరికి వాన చుక్క పడలేదు, ఒకరికి మంచం మీద కారింది. తేడా అల్లా భాషలో ఉంది. దీన్ని కంప్యూటర్ సమస్య అని తీసిపారేసేవాళ్ళతో నాకు పేచీ.

2007 నాటికి కార్యక్రమాలు రాసేవాళ్ళకి కూడా ఓపిక నశించింది. పేజీకీ బీరువాకీ మధ్య కబుర్లు మోసే పీహెచ్‌పీ అనే భాష ఉంది. దాని నాలుగో రకాన్ని ఆ ఏడాది ఆఖరుతో ఆపేస్తామని తయారుచేసినవాళ్ళే ప్రకటించారు. అయినా ఇంటి ఓనర్లు కదలలేదు. 'అద్దెవాళ్ళు అడగడం లేదు కదా' అని వాళ్ళు, 'ఓనర్లు ఇవ్వడం లేదు కదా' అని వీళ్ళు. అత్త ముందా కోడలు ముందా అన్నట్టు తయారైంది. అప్పుడు డ్రూపల్, పీహెచ్‌పీమైఅడ్మిన్ లాంటివి తయారుచేసేవాళ్ళంతా ఒక్కటై, 2008 ఫిబ్రవరి 5 తర్వాత తెచ్చే కొత్త సరుకు అయిదో రకం మీద తప్ప నడవదని కట్టుబాటు చేసుకున్నారు. అద్దెవాళ్ళంతా కూడబలుక్కుని ఒకేరోజు నోటీసివ్వడం లాంటిది. కొంత పని జరిగింది. వర్డ్‌ప్రెస్ మాత్రం ఈ జట్టులో చేరలేదు. మా చిన్నమ్మలాంటి పాతవాటాల వాళ్ళని వదిలేయకూడదని వాళ్ళ ఉద్దేశం. మంచితనమే, కాదనను. కానీ ఆ మంచితనం వల్ల పాత బీరువాలు ఇంకొన్నేళ్ళు బతికాయని కూడా నేనంటాను.

చివరికి వర్డ్‌ప్రెస్ కూడా 2009 డిసెంబరులో వచ్చిన 2.9కి మైఎస్‌క్యూఎల్ 4.1 కావాలంది. చిన్నమ్మ వాటాలో ఉన్నది 4.0. ఆ హోస్టింగ్ కంపెనీని అడిగితే, కొత్తగా చేరేవాళ్ళకే కొత్త బీరువా, పాతవాళ్ళు కావాలంటే సామాను దించుకుని మళ్ళీ ఎక్కించుకోవాలి అన్నారట. కంపెనీ పేరు ఎందుకులెండి, అందరూ ఆ మాటే అనేవాళ్ళు. 2010 ఎండాకాలంలో సామాను మార్చారు. మారుస్తామని వాళ్ళ మనిషే ముందుకొచ్చాడు. పాపం, ఆ కుర్రాడు పని తెలిసినవాడే. స్వీడిష్ వేషంలో ఉన్న పాటలని జాగ్రత్తగా వేషం విప్పించి, ఇవి తెలుగువి, యూనికోడ్‌వి అని కొత్త బీరువాలో సరైన చీటీ అంటించి పెట్టాడు. వేషం విప్పకుండా నేరుగా మార్చబోతే లాటిన్ అక్షరాలనే మళ్ళీ యూనికోడ్ చేసి వేషం మీద వేషం కడుతుంది బీరువా. అందుకని ముందు 'ఇది ఏ భాషా కాదు, ఊరికే అరల మూట' అని చెప్పి, ఆ తర్వాత 'ఇది యూనికోడ్' అని చెప్పాలి. ఆ కిటుకు అతనికి తెలుసు. బీరువాలో అంతా సవ్యంగానే ఉంది.

అయితే వర్డ్‌ప్రెస్ వెళ్ళి బీరువాతో మాట్లాడటానికి ఏ భాషలో మాట్లాడాలో ఒక చీటీలో ఒక వాక్యం ఉండాలి. ఆ వాక్యం 2007 మే నెలలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 2.2తో మొదలైంది. చిన్నమ్మ వెబ్‌సైటు 2006 నాటిది. చీటీలో ఆ వాక్యం లేదు. వాక్యం లేకపోతే బీరువా తన పుట్టింటి భాష లాటిన్‌లోనే జవాబిస్తుంది. లోపల తెలుగుంది, లాటిన్‌లో చెప్పమని అడిగారు, లాటిన్‌లో 'త' లేదు. మరేం చేస్తుంది? తెలియనిచోటల్లా ఒక ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చింది. 'తెలుగు' ఉన్నచోట ఆరు ప్రశ్నార్థకాలు.

చిన్నమ్మ పొద్దున్నే చూసి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఏందిరా అయ్యా, పాటలన్నీ కొడవళ్ళయినయి!" నిజమే, వరసగా నిలబెట్టిన ప్రశ్నార్థకాలు చూస్తే వరికోతలకి పోతున్న కొడవళ్ళలాగే ఉంటాయి. తమ్ముడు ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్నాడు. సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. టీచరుగా చేసిన మనిషి, ఊరుకోబుద్ధి కాలేదు. ఒక్కో పాటా తెరిచి, మొదటి చరణం మళ్ళీ టైపు చేసి, మిగతాది తర్వాత చూద్దామని సేవ్ చేసింది. పొద్దు గూకేదాకా అలా పదిహేడు పాటలు బాగుచేసింది.

అసలు దెబ్బ అక్కడ తగిలింది. తెరిచి చూసినంతవరకు ఆ ప్రశ్నార్థకాలు కేవలం కనపడేవే, బీరువాలో పాట పదిలంగానే ఉంది. సేవ్ నొక్కిన మరుక్షణం ఆ ప్రశ్నార్థకాలే పాటయి లోపలికి పోయాయి. అసలు పాట చెరిగిపోయింది. లాటిన్ వేషంలో ఉన్న తెలుగుని ఎప్పుడైనా విప్పి తెచ్చుకోవచ్చు, అది పాడయినట్టు కనపడుతుందే తప్ప పాడవలేదు. ప్రశ్నార్థకమైన తెలుగు మాత్రం తిరిగిరాదు, ఎందుకంటే ప్రతి అక్షరానికీ ఒకే గుర్తు. 'త' ఏదో 'ల' ఏదో ఎలా పోల్చడం? భయంకరంగా కనిపించేది బాగయ్యేదీ, శుభ్రంగా వరసగా కనిపించేది చచ్చిపోయినదీ కావడం నాకు మాత్రం గుండె జలదరించే సంగతి. 2007 నుంచీ ఎంతమంది తెలుగువాళ్ళు, ఎన్ని రాతలు, ఇలా తామే బాగుచేద్దామని సేవ్ నొక్కి పోగొట్టుకున్నారో కదా.

రాత్రి తమ్ముడు వచ్చి చీటీలో ఆ ఒక్క వాక్యం చేర్చాడు. రెండు వందల పన్నెండు పాటల్లో ముట్టుకోని నూట తొంభై అయిదూ నిమిషంలో లేచి కూర్చున్నాయి. చిన్నమ్మ కష్టపడి బాగుచేసిన పదిహేడు మాత్రం మొదటి చరణం, కింద కొడవళ్ళు. ఆవిడ ఏమీ అనలేదట. లేచి వెళ్ళి చాయ్ పెట్టి తెచ్చిందట.

నోట్‌బుక్కుల్లో వెతికితే అయిదు దొరికాయి. మరి అన్నీ నోట్‌బుక్కుల్లో లేవా అంటే లేవు. 2008 తర్వాత చిన్నమ్మ నేరుగా కంప్యూటర్‌లోనే టైపు చేసుకునేది, మనందరిలాగే. మిగిలిన పన్నెండింటిలో తొమ్మిది అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికాయి. 1996లో మొదలైన సంస్థ అది. లోకంలోని వెబ్ పేజీలని అప్పుడప్పుడూ వచ్చి నకలు తీసి దాస్తూ ఉంటుంది, 2001 నుంచి ఎవరైనా పాత తేదీ పేరు చెప్పి ఆ పేజీలు చూడొచ్చు. వేషంలో ఉన్నా బ్రౌజరు దగ్గరికి వచ్చేసరికి అది శుద్ధమైన తెలుగే కనుక, నకలు కూడా శుద్ధంగా ఉంది. కోదాడ దగ్గర పల్లెటూరి ముసలమ్మ పాట ఎక్కడో సముద్రాల అవతల ఒక గోదాములో దాగి ఉండటం విని చిన్నమ్మ, "దానికి పాస్‌పోర్ట్ ఎవరిచ్చిన్రురా?" అన్నది.

మూడు దొరకలేదు. అందులో రెండు పాడినావిడ అంతకు ముందు ఏడాదే పోయింది. మూడోది ఎవరు పాడారో చిన్నమ్మకి గుర్తు రాలేదు. ఆ మూడింటి మొదటి చరణాలు, ఆవిడ జ్ఞాపకం మీద టైపు చేసినవి, ఇప్పటికీ సైటులో అలాగే ఉన్నాయి. తీసేయమంటే తీయనివ్వదు.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. మైఎస్‌క్యూఎల్ కంపెనీని 2008లో సన్ అనే కంపెనీ వంద కోట్ల డాలర్లకి కొంది. 2010 జనవరిలో ఆ సన్‌నే ఒరాకిల్ కొనేసింది. పెద్దకూతురి పేరు పరాయిసొత్తయింది కనుకనే విడేనియస్‌గారు చిన్నకూతురి పేరుతో విడిగా పొయ్యి పెట్టుకున్నాడు. 2011 జులైలో వర్డ్‌ప్రెస్ 3.2 మైఎస్‌క్యూఎల్ 5.0 లేనిదే నడవనని కచ్చితంగా చెప్పింది. తెలుగుకి అప్పటికి ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత చిక్కు వచ్చింది మనకి కాదు, నవ్వు బొమ్మలకి. మైఎస్‌క్యూఎల్‌వాళ్ళు యూటీఎఫ్-8 అని పేరు పెట్టి అక్షరానికి మూడు అరలే ఇచ్చారు. తెలుగు సరిగ్గా మూడింటిలో పడుతుంది. ఏడుపు బొమ్మలూ నవ్వు బొమ్మలూ ఉన్నాయి చూశారా, వాటికి నాలుగు కావాలి. ఒక పాట చివర దండం పెడుతున్న చేతుల బొమ్మ పెడితే అక్కడినుంచి మిగిలిన వాక్యమంతా కోసేసేది. నాలుగు అరల రకం 2010లో వచ్చింది, వర్డ్‌ప్రెస్ 2015 ఏప్రిల్‌లో దానికి మారింది. అప్పుడూ పాత బీరువా అడ్డమే. సూచికకి 767 అరలకి మించి ఇవ్వనంది. అక్షరానికి మూడు చొప్పున 255 అక్షరాలు పట్టేవి, నాలుగు చొప్పున పట్టవు. అందుకని 191కి కుదించారు. లెక్కవేసి చూడండి, 764. ప్రపంచమంతా వాడే సరంజామా రాసేవాళ్ళు కూడా పాత బీరువా అర కొలతకి బట్ట కత్తిరించుకున్నారు. చిన్నమ్మ 'పెళ్ళిపాటలు' అని సరిపెట్టుకున్నట్టే.

2018 ఏప్రిల్‌లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0తో నాలుగు అరల యూనికోడే పుట్టుభాష అయింది. స్వీడిష్ అకారాది ఇరవై మూడేళ్ళ తర్వాత పెద్దపీట దిగింది. ఈలోగా చిన్నమ్మ కోదాడ కదలకుండానే 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబరు 11న జిల్లా మారింది. సైటు కింద 'నల్గొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్' అని ఉన్నది 'సూర్యాపేట జిల్లా, తెలంగాణ' అయింది. మిర్యాలగూడ మిల్లాయన నల్గొండ జిల్లాలోనే ఉండిపోయాడు, ఆయన మార్చుకున్నది రాష్ట్రం పేరొక్కటే. అదీ ఇంగ్లీషులో.

2024 జూన్ 30తో సెంటాస్ 7 అనే పాత పునాదికి ఆదరువు ఆగిపోయింది. 2014 నుంచి షేర్డ్ హోస్టింగ్ ఇళ్ళు ఎన్నో దాని మీదే నిలబడి ఉన్నాయి. అందులో మరియా పేరున్న బీరువా కూడా 5.5 నాటిది, పాతదే. చిన్నమ్మ వాటాకి కూడా ఇల్లు మారుస్తున్నామని కబురొచ్చింది. ఈసారి తమ్ముడు ముందే మూడుచోట్ల నకళ్ళు తీసి పెట్టాడు. ఒకటి సూర్యాపేటలో వాడి సెంటర్‌లో, ఒకటి నా దగ్గర హైదరాబాద్‌లో, ఒకటి చిన్నమ్మ ఇంట్లో బీరువాలో, ఇది నిజం బీరువా, చీరల మధ్య. మార్పిడి జరిగేదాకా ఎవరూ సైటు తెరిచి సేవ్ నొక్కరాదని చిన్నమ్మకి గట్టిగా చెప్పాడు. "నాకు చెప్తున్నవా?" అన్నదట.

మార్చిన మర్నాడు ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, ఒక చేత్తో పాత పాటల పట్టిక ప్రింటు పట్టుకుని, ఒక్కో పాటా తెరిచి చివరి చరణందాకా చదివి పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ కూర్చుంది. రెండు రోజులు పట్టింది. మొదటి చరణాలు మాత్రమే మిగిలిన ఆ మూడింటి దగ్గర టిక్కు పెట్టలేదు, చిన్న చుక్క పెట్టింది. మిగిలినవి రెండు వందల తొమ్మిది, లెక్క సరిపోయింది.